ఆ ఊరి బోనం

ఆషాఢం మొదట్లో, ముసురు పట్టిన ఒక పొద్దున, మా పక్కింటి తాత పోయాడు. కబురు తెచ్చింది ఆయన భార్యే. ఆమెను మేమంతా అవ్వ అంటాం. మా అరుగు దాకా వచ్చి, గోడకు చెయ్యి ఆనించి, “బిడ్డా, మీ తాత ఎంత లేపినా లేస్తలేడు. మీ అత్తనొక్కసారి రమ్మను” అంది. చాయపత్తి అడగడానికి వచ్చినప్పటి గొంతే అది. మా అత్త వెళ్లి చూసి, కాసేపటికి బయటికొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, “నిద్రలనే పోయిండు” అంది.

సిద్దిపేటకు బండి తోలుకొచ్చే రైతుల్లో తాతను ఎరగనివాళ్లు తక్కువ. ఎడ్లకూ గుర్రాలకూ నాడాలు కొట్టేవాడు. మాది ఆ పక్కనే పగ్గాలు, పలుపులు, మెడగంటలు అమ్మే దుకాణం. మా దగ్గర గంట కట్టించుకున్న ఎద్దు ఆయన దగ్గర నాడాలు తొడుక్కుని పోయేది. అంత దగ్గరితనం ఉన్నా, నేను రాయబోయేది ఆయన నాడాల సంగతి కాదు. ఆయన వల్ల మా వాడకు ఒక ఊరు తెలిసింది. ఫ్రాన్సు దేశంలో ఎక్కడో ఉన్న చిన్న పల్లెటూరు. మా వాడలో సగం మంది హైదరాబాదు చూడలేదు గానీ, ఆ ఊళ్లో పిండిమర వాగుకు ఏ ఒడ్డున ఉందో చెప్పగలరు. తాత పోయాడని విన్నప్పుడు ఏడుపు వచ్చింది, దాని వెనకే ఇంకో బెంగ పట్టుకుంది. ఆ ఊరిని ఇక తలుచుకునేదెవరు?

వయసులో ఉన్నప్పుడు ఆయన బొల్లారం దండులో గుర్రాలకు నాడాలు కొట్టే పనికి కుదిరాడు. అప్పటి పెద్ద యుద్ధం వచ్చి గుర్రాలను ఓడెక్కించారు. గుర్రాలు పోయాక నాడాలు కొట్టేవాడు ఇక్కడుండి ఏం చేస్తాడని ఆయన్నీ ఎక్కించారు. ఓడలో తిన్నదాని కంటే కక్కింది ఎక్కువని చెప్పి ఆయనే నవ్వేవాడు. ఓడ దిగితే రైలు, రైలు దిగితే నడక, నడకంతా బురద. చలికాలం గడపడానికి దండును పల్లెల్లో సర్దితే, తాత వంతుకు ఆ ఊరు వచ్చింది. రెండు చలికాలాలు అక్కడే ఉన్నాడు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, మాట కలపాలని, “మీదే ఊరు తాతా?” అని అడిగాను. ఎద్దు గిట్ట చెక్కుతున్నవాడల్లా ఆగి, “ఏ ఊరు అడుగుతున్నవ్ బిడ్డా? నాకు రెండున్నయి” అన్నాడు. మా అత్త లోపలి నుంచే, “అడిగినవా? ఇగ పొద్దు గూకేదాంక ఇనుకుంట కూసో” అంది. నిజంగానే పొద్దు గూకింది.

ఆ ఊరిని ఆయన నేల మీద చూపించేవాడు. ఒక గుర్రపు నాడా తీసి మట్టిలో పెట్టి, “గిది వాగు” అనేవాడు. వాగు అలా వంపు తిరిగిన చోట, నాడా కడుపులో ఉంది ఊరు. వెనక గుట్ట. గుట్ట మీద మన గుట్టల్లాగా బండలు లేవు, పైదాకా దున్నుకున్నారు. మట్టి తెల్లగా, సున్నంలా ఉంటుందట, వాన పడితే మోకాళ్ల దాకా తెలుపు అంటుకునేదట. ఎర్ర ఇటుకల ఇళ్లు, ప్రతి ఇంటికీ నడిమి వాకిలి, వాకిట్లో పెంటకుప్ప. “కుప్ప ఎంత పెద్దగుంటె గా ఇల్లు అంత ఉన్నోళ్లది. మన లెక్కనే” అని తాతకు ఆ సంగతి మీద భలే మమకారం. బడీ, ఊరి కచేరీ ఒకే కప్పు కింద ఉండేవట. ఒక తలుపులోంచి పిల్లలు పోయేవాళ్లు, ఇంకో తలుపులోంచి తగాదాలు పోయేవి. వాగు ఒడ్డున పెద్ద కొట్టం వేసి, దాని కింద ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని బట్టలు ఉతికేవాళ్లు. “ఊరి ముచ్చట్లన్ని గా కొట్టం కిందనే. ఒక్క ముక్క తెల్వకపోయినా ఎవ్వలను తిడుతున్నరో నాకు తెలుస్తుండె” అనేవాడు.

ఊరికి ఆ చివర ఒక పాత గడి, దొర ఉండే కోటలాంటి ఇల్లు, ఉంది. ఆ మాట వచ్చినప్పుడు మాత్రం తాత గొంతు తగ్గించేవాడు. ఒకసారి చింతమడక నుంచి ఎడ్లు తోలుకొచ్చిన రైతు కూర్చుని ఉన్నాడు. ఆ ఎడ్లు ఆయనవే గానీ, ఆ వారమంతా దొర బండికి వెట్టికి పోయి అరిగిన గిట్టలు. తాత మేకు కొడుతూ, “గా గడిల ఇప్పుడు దొర లేడు. మేకలను కట్టేస్తరు. గా ఊరోళ్ల తాతల తాతలు ఎన్నడో ఎల్లగొట్టిన్రట” అన్నాడు.

రైతు ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నిమిరాడు. తర్వాత, “దొర లేకుంటె తూము ఎవ్వలు తీస్తరు?” అని అడిగాడు.

“ఊరోళ్లే తీస్తరు.”

“తన్నుకోరా?”

“తన్నుకుంటరు. తన్నుకోని, మళ్ల తీస్తరు.”

రైతు ఎడ్లను విప్పుకుని పోతూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, “మేకలను కట్టేస్తరా?” అని మరోసారి అడిగి పోయాడు.

తాత ఉన్నది ఒక ముసలమ్మ గడ్డివామి కొట్టంలో. ఆమె కొడుకు యుద్ధానికి పోయాడు. సగం సైగలు, సగం వచ్చీరాని మాటలతో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు కూడా ఒకసారి పగవాళ్ల దండు ఆ ఊళ్లోకి వచ్చి గింజ లేకుండా తినిపోయిందట. వాళ్ల నాయన గోధుమల బస్తాలు పెంటకుప్ప కింద పాతిపెట్టి, దాని మీదే కూర్చుని చుట్ట తాగాడట. ఈ కథ ముసలమ్మ నటించి చూపించిన తీరు తాత మాకు నటించి చూపించేవాడు. ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉండే మా అత్త కూడా నవ్వేది.

ఇక ఆ ఊళ్లో తాత చేసిన తప్పు చెప్పాలి. అది మనవాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు. ఊరి పొలిమేరలో, బాట చీలే చోట, రాతి శిలువ ఒకటి ఉండేది. తాత అది పొలిమేర దేవత అనుకున్నాడు. రోజూ గుర్రాలను నీళ్లకు తోలుకుని ఆ పక్క నుంచే పోవాలి. దేవత ముందు నుంచి ఉత్త చేతులతో ఎలా పోతాడు? కొబ్బరికాయ దొరకదు. ఆ ఊరి నిండా సేపుపండ్ల చెట్లు, ఆపిల్ అంటారే, అవే. రాలిన వాటిలో మంచిది ఒకటి ఏరి, శిలువ కాళ్ల దగ్గర పెట్టి, దండం పెట్టుకుని పోయేవాడు. మర్నాటికి పండు ఉండేది కాదు. అమ్మవారు ముట్టిందని తాతకు సంతోషం.

కొన్నాళ్లకు ముసలమ్మ చూసింది. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, కంచె చాటున నిలబెట్టింది. బడి విడిచిపెట్టగానే పిల్లలు గుంపుగా వచ్చి, పండు తీసుకుని, తలా కొంత కొరుక్కుని పరుగెత్తారు. తాతకు సిగ్గేసింది. ముసలమ్మకు నవ్వాగలేదు. కానీ మర్నాడు కూడా ఆయన పండు పెట్టాడు. ఎందుకని నేనడిగితే, “దేవత ముట్టుడంటె ఇంకేంది బిడ్డా? పండు తినేటోళ్లు ఉన్నరంటె ఊరున్నట్టే” అన్నాడు. దండు ఆ ఊరు వదిలిన పొద్దున శిలువ దగ్గరికి వచ్చేసరికి ముసలమ్మ ముందే వచ్చి ఉంది. ఆయన కోసం ఆమే ఒక పండు పెట్టింది. చేతులు మన పద్ధతిలో జోడించింది, ఒకటి కిందికి ఒకటి పైకి వంకరగా. ఆ వంకరను కూడా తాత చూపించేవాడు.

తిరిగొచ్చి సిద్దిపేటలో కొట్టం వేసుకున్నప్పుడు ఆయన ఆ ఊరిది ఇంకొకటి తెచ్చాడు. మన దగ్గర ఎద్దును తాళ్లతో కట్టి నేల మీద పడేసి నాడాలు కొడతారు. ఆ ఊళ్లో నాలుగు గుంజలు పాతి, కడుపు కింద తోలు పట్టీ వేసి, నిలబెట్టే కొడతారట. తాత అలాంటి గుంజలే పాతాడు. ఎద్దుకు ఉయ్యాల కట్టాడని ఊరంతా నవ్వింది. పడేసే తాళ్ల బేరం తగ్గిందని మా మామ కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదట. కానీ ఎద్దు కింద పడదు, దాని కన్ను భయంతో తెల్లబడదు. అది చూశాక మా మామే ఆ పట్టీలు కుట్టి ఇచ్చాడు.

రెండో యుద్ధం వచ్చింది. మా వీధి చివర వకీలు గారింట్లో రేడియో ఉండేది. ఫ్రాన్సు పడిపోయిందని అందులో చెప్పిన రోజు తాత పని ఆపి వెళ్లాడు. నేనూ అవ్వా వెనకే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాం. వార్తలన్నీ ఉర్దూలో విని తాత, “గా ఊరి మాట చెప్పిండా సాబ్?” అని వకీలు గారిని అడిగాడు.

“రేడియోల గంత చిన్న ఊర్లు చెప్పరు తాతా. పెద్ద పట్నాలే చెప్తరు.”

“పెద్ద పట్నాలు ఎట్లనన్న బతుకుతయి సాబ్” అన్నాడు తాత. ఇంటికొస్తూ దారిలో, “ముసలమ్మ చిన్నప్పుడొకసారి పగోళ్లు వచ్చిన్రు, ముసలిగైనంక ఒకసారి వచ్చిన్రు. మూడోసారి గూడ వచ్చిన్రు” అన్నాడు. ముసలమ్మ ఎప్పుడో పోయి ఉంటుందని ఆయనకూ తెలుసు. అయినా ఆమె ఉన్నట్టే మాట్లాడాడు.

ఆ శ్రావణంలో పోచమ్మకు బోనాలు. కుండలు తెచ్చే కుమ్మరాయన అవ్వ ముందు ఒక కుండ దించితే తాత రెండోది దించమన్నాడు. ఒకటి తమ ఇంటికి, ఒకటి ఆ ఊరికి. ఆ ఊరు చల్లగా ఉంటే ఏటేటా బోనమెత్తిస్తానని మొక్కుకున్నాడట. మా అత్తకు ఈ సంగతి అసలు మింగుడు పడలేదు. “అన్నా, సముద్రాల అవతలి ఊరికి మన పోచమ్మకు ఏం సంబంధం? మన ఊరిని సూసుకునేందుకే ఆమెకు తీరతలేదు” అంది.

“సూడనీ చెల్లె. ఒక్క సూపే గద.”

“చల్లగున్నదో లేదో నీకెట్ల తెలుస్తది?”

తాత దగ్గర దానికీ జవాబు ఉంది. బోనం దింపిన సాయంత్రం చింతమడక బాటలో మన పొలిమేర రాయి మీద ఒక జామపండు పెట్టి వచ్చాడు. మర్నాడు పొద్దున పోయి చూస్తే పండు లేదు. వాడలో పిల్లలు తిన్నారని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. వచ్చి అవ్వతో, “తిన్నరు. ఊరున్నది” అన్నాడు. ఆ మాట చెప్పాకే కొలిమి రాజేశాడు.

అప్పటి నుంచి ఏటా అదే వరస. అవ్వ తలమీద ఒక బోనం, దింపి మళ్లీ వచ్చి రెండోది. గుడి దగ్గర పూజ చేసేది ఆ కుమ్మరాయనే. ఒక్కొక్క కుండ అందుకుంటూ, “ఎవ్వలింటిది?” అని అడుగుతాడు. మొదటిసారి అవ్వ “ఆ ఊరిది” అంటే చుట్టూ నవ్వులు. తర్వాతి ఏళ్లలో ఆయన అడగడం మానేసి, “ఆ ఊరిదా, గిటు పెట్టు” అనేవాడు. యుద్ధం ముగిశాక వకీలు గారు, “ఇగ ఒడిసింది గద తాతా, మొక్కు తీరింది” అన్నారు. “యుద్ధం ఒడిసిందని రేడియో చెప్పింది సాబ్. ఊరున్నదని ఎవ్వలు చెప్పలే” అన్నాడు తాత. తర్వాత మన దగ్గరే కల్లోలం వచ్చింది. జనం తలుపులేసుకుని పడుకున్న ఆ ఏళ్లలో కూడా ఆ కుండ ఎత్తకుండా ఉండలేదు. మా అత్త ప్రతి ఏడూ సణిగేది, ప్రతి ఏడూ ఆ కుండకు కట్టే వేపమండలు మా చెట్టువే.

ఇప్పుడు ఆయన పోయాడు. శ్రావణం వచ్చింది. ఇంట్లో మనిషి పోయిన ఏడు బోనమెత్తరు కదా. కుమ్మరాయన కావడితో వచ్చి, అవ్వ వాకిలి ముందు ఒక్క క్షణం ఆగి, కుండ దించకుండా మా వైపు కదిలాడు. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. కావడిలో కుండలను చూస్తోంది. “ఇగ గా ఊరిది గూడ బందే” అంది, ఎవరితోనో కాదు, ఊరికే. మొక్కు ఒక్క ఏడు తప్పినా తాత ఊరుకునే మనిషి కాదు. కానీ కొత్త కోడలిగా వచ్చి ఎన్నేళ్లయినా, అత్త ఉండగా నేను నోరు తెరిచే సంగతి కాదది.

మా అత్త గడపలోంచి బయటికొచ్చింది. “మాకు రెండు దించు” అంది.

కుమ్మరాయన అర్థం కానట్టు చూశాడు.

“మైల ఆ ఇంటికి గని, ఆ ఊరికెక్కడిది?” అంది మా అత్త. తర్వాత అవ్వ వైపు తిరగకుండానే, “అక్కా, బెల్లం ఎంతెయ్యాలె దానిల? మనకేసినంతనా, ఎక్కువనా?” అని అడిగింది.

“జర ఎక్కువ” అంది అవ్వ.

మా ఇంటి బోనం నేను ఎత్తాను. ఆ ఊరిది మా అత్త ఎత్తింది. గుడి దగ్గర కుమ్మరాయన “ఆ ఊరిదా, గిటు పెట్టు” అన్నప్పుడు, అన్నేళ్లు సణిగిన మా అత్త మెడ సాచి, “ఆ ఊరిదే” అని గట్టిగా చెప్పింది. ఆమెను చూస్తే నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో. సాయంత్రం అవ్వ ఇచ్చిన జామపండు తీసుకుపోయి పొలిమేర రాయి మీద నేనే పెట్టి వచ్చాను.

మర్నాడు పొద్దున సన్నగా వాన పడుతుంటే గొంగడి కప్పుకుని చూడ్డానికి వెళ్లాను. పండు పెట్టిన చోటే ఉంది. వానకు తడిసి మెరుస్తోంది. కొంచెం దూరంలో ఇద్దరు ముగ్గురు పిల్లలు నిలబడి దాన్నే చూస్తున్నారు. ఏటా తినేవాళ్లే. “తినలేదేందే?” అని అడిగాను.

“మా అమ్మ ముట్టద్దన్నది. పోయినోళ్ల పండట” అంది వాళ్లలో పెద్దపిల్ల.

నేను రాయి దగ్గర నిలబడిపోయాను. ఇంటి దగ్గర అవ్వ అరుగు మీద కూర్చుని ఉంటుంది. పండున్నదా అని అడుగుతుంది. పొదల్లోకి విసిరేసి లేదని చెప్పొచ్చు. కానీ తాత మాటలో విసిరేయడం లేదు, తినడం ఉంది. పిల్లలు చూస్తుండగా పండు తీసి, కొంగుతో తుడిచి, కొరికాను. నిజం చెప్పాలంటే మొదటి ముక్క మింగేటప్పుడు నాకూ భయమేసింది. ఆ పిల్ల దగ్గరికొచ్చి, నాకేమన్నా అవుతుందేమోనని కాసేపు మొహంలోకి చూసి, ఏమీ కాకపోయేసరికి చెయ్యి చాచింది. మిగిలిన సగం ఇచ్చాను. మిగతావాళ్లు దాని మీద పడ్డారు.

నేననుకున్నట్టే అవ్వ అరుగు మీద ఉంది. “పండున్నదా బిడ్డా?”

“లేదవ్వా. తిన్నరు.”

అవ్వ నా మొహంలోకి చూసింది. తన కొంగు చివర తీసుకుని, నా పెదవి మూల అంటుకున్న జామ గింజను తుడిచింది.

“తియ్యగున్నదా?” అని అడిగింది.

“ఉన్నదవ్వా.”

“అయితె ఊరున్నది” అంది.

మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచి కొట్టంలోకి పోయింది. తాత పోయినప్పటి నుంచి చల్లగా పడి ఉన్న కొలిమిలో నాలుగు బొగ్గులు వేసి, తోలుతిత్తి తొక్కి, చాయకు నీళ్లు పెట్టింది. వానలో పొగ పైకి పోలేక, ఖాళీగా ఉన్న ఎద్దు గుంజల చుట్టూ తిరుగుతూ చాలాసేపు అక్కడే ఉంది.